తొలిచిన కొండను గీస్తుంటే బొమ్మ అందంగానే వస్తోంది: ప్రకృతి దృశ్య చిత్రం నిజం చెప్పగలదా?

రాతికుంచె (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులకు నమస్కారం. మనిషికీ ప్రకృతికీ మధ్య చెడిన సంబంధం మీద కొంతకాలంగా ఒక చిత్రమాలిక వేస్తున్నాను. ఇప్పుడు ఈజిల్ మీద ఉన్నది సగానికి పైగా తొలిచేసిన ఒక గ్రానైట్ కొండ. క్వారీ పని ఆగిపోయాక గుంటలో నీరు నిండింది. కోసిన రాతి ముఖం మీద డ్రిల్లింగ్ గాట్లు పైనుండి కిందికి సమానమైన ఎడంతో బారులు తీరి ఉన్నాయి. బొమ్మ మొత్తంలో తిన్నటి గీతలు అవే కాబట్టి, చేతి వణుకు కనిపించకూడదని వాటిని కుంచెతో కాకుండా పెయింటింగ్ నైఫ్ అంచుతో వేశాను. అక్కడ యంత్రం పనిచేసిందన్న సంగతి మొదటి చూపులోనే తెలియాలని నా ఉద్దేశం.

చూసినవాళ్లు మాత్రం ఆ గీతలను మండపంలో స్తంభాల వరుసతో పోల్చి మెచ్చుకున్నారు. గుంటలోని నీలాకుపచ్చ నీటిని ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. ఒకరైతే అక్కడికి విహారానికి వెళ్తాను, దారి చెప్పమన్నారు. రంగుల జోరు తగ్గించి, బూడిద రంగు పెంచి చూశాను. బొమ్మ నీరసపడిందే గాని అందులో నిజం పాలు పెరగలేదు.

నా ప్రశ్న ఇది. పాడైన నేలను అందంగా చిత్రించడం ఆ నష్టాన్ని సమర్థించడమే అవుతుందా? అసలు ఈ కళారూపానికి ఇలాంటి మాట చెప్పే శక్తి ఉందా, లేక దేన్ని తాకినా దాన్ని గోడకు తగిలించుకునే వస్తువుగా మార్చేయడమే దాని స్వభావమా?

చిత్రశాల పహారా

రాతికుంచె గారూ, మీకు ఎదురైన చిక్కు కొత్తది కాదు. అమెరికా చిత్రకారుడు జార్జ్ ఇనెస్ 1856 ప్రాంతంలో వేసిన ‘లాకవానా లోయ’ చిత్రాన్ని ఒకసారి నిదానంగా చూడండి. దాన్ని వేయించుకున్నది ఒక రైల్వే సంస్థ. దూరాన రైలింజన్ల షెడ్డు, మధ్యలో పొగ వదులుతూ వస్తున్న బండి, ముందు భాగంలో గట్టు మీద తీరికగా కూర్చుని చూస్తున్న ఒక మనిషి కనిపిస్తారు. ఆ మనిషికీ రైలుకూ నడుమ ఉన్న నేల నిండా నరికిన చెట్ల మొదళ్లే. వెలుగు మెత్తగా ఉంది, కొండలు లేత నీలంలో కరిగిపోతున్నాయి, బొమ్మ చాలా అందంగా ఉంది. సంస్థకు అది ప్రగతి చిత్రంగా కనిపించి ఉండవచ్చు. ఆ మొదళ్లను చూసిన మరుక్షణం ఈనాటి ప్రేక్షకుడికి అదే చిత్రం ఫిర్యాదులా కనిపిస్తుంది. ఇనెస్ ఏ పక్షాన ఉన్నాడన్న వాదన కళాచరిత్రకారుల మధ్య నేటికీ తెగలేదు.

అతనికంటే ముందరివాడైన థామస్ కోల్ విషయంలో ఆ సందేహం అక్కర్లేదు. ఇంగ్లండులోని లాంకషైర్‌లో, మిల్లుల నడుమ పుట్టి 1818లో అమెరికా చేరినవాడు కాబట్టి, పరిశ్రమలు వచ్చాక నేల ఎలా మారుతుందో అతనికి ముందే తెలుసు. క్యాట్‌స్కిల్ కొండల దగ్గర ఒకే వాగును 1836-37లో ఒకసారి, 1843లో మరోసారి చిత్రించాడు. మొదటి బొమ్మలో దట్టమైన చెట్లు రెండు పక్కల నుండీ దృశ్యానికి చట్రం కడతాయి. రెండోదానిలో ఆ చట్రమే లేదు. ముందు భాగంలో కొట్టేసిన చెట్లు, గొడ్డలి పట్టుకున్న మనిషి, వెనుక వంతెన మీద చిన్న రైలు ఉంటాయి. పక్కన పెద్ద చెట్టును నిలబెట్టి చూపును లోపలికి నడిపించడం ఆనాటి ప్రకృతి దృశ్య చిత్రానికి వ్యాకరణం. ఆ చెట్టునే తీసేయడంతో, వేరే వ్యాఖ్యానం చేయనక్కర లేకుండా, చిత్రంలో ఏదో విరిగిందని కంటికి తెలిసిపోతుంది.

అందుచేత రంగులు తగ్గించడం వల్ల ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం. మీ బొమ్మలో కూర్పు ఇంకా పాత మర్యాదనే పాటిస్తోందేమో చూసుకోండి. ప్రేక్షకుడిని ఎక్కడ నిలబెట్టారు? ఎదురుగా, నీటి అవతలి ఒడ్డున, సురక్షితమైన దూరంలోనా?

గట్టు మీద

నాకు మొదటి నుండీ ఒక అనుమానం ఉంది, దాన్ని ఇక్కడ పెడుతున్నాను. గ్యాలరీ గోడ మీద ఇలాంటి బొమ్మను చూసేవాళ్లలో ఎక్కువమంది ముందే ఆ బాధను ఒప్పుకున్నవాళ్లు. వాళ్లు వచ్చి, చూసి, నిట్టూర్చి వెళ్తారు. అమెరికాలో అలెక్సిస్ రాక్‌మన్ 2004లో పూర్తి చేసిన భారీ చిత్రంలో బ్రూక్లిన్ వంతెన నీటిలో మునిగి, నారింజ రంగు ఆకాశం కింద శిథిలమై ఉంటుంది. నేర్పు గొప్పదే, పరిశోధన కూడా ఉంది. అయినా అలాంటి ప్రళయ దృశ్యాలను చూసినప్పుడు మనకు కలిగేది భయమా, వినోదమా అని నేను అడుగుతాను. రాబోయే వినాశనాన్ని చూపే బొమ్మ కంటే, ఇప్పటికే జరిగి మనం అలవాటుపడిపోయిన దాన్ని చూపే బొమ్మే కష్టమైనది. ఆ లెక్కన రాతికుంచె గారి కొండ సరైన విషయమే. కానీ ఆ బొమ్మ ‘నిజం చెప్పాలి’ అన్న బరువును దాని మీద ఎందుకు మోపాలో నాకు అర్థం కావడం లేదు.

పొగమంచు

గట్టు మీద గారి ప్రశ్నకు నేరుగా కాకపోయినా, చిత్రకారుడు చెప్పాలని అనుకోని నిజాన్ని కూడా బొమ్మ మోసుకొస్తుందనడానికి ఒక ఉదాహరణ ఇస్తాను.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే 1899 నుండి 1901 వరకు లండన్‌లో థేమ్స్ నదిని, వంతెనలను, పార్లమెంటు భవనాన్ని పదే పదే చిత్రించాడు. సవాయ్ హోటల్ గది కిటికీ నుండి చూస్తే నదికి అవతల ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించేవి. 1900 మార్చిలో భార్యకు రాసిన ఒక ఉత్తరంలో, పొద్దున లేచేసరికి పొగమంచు జాడే లేకపోవడంతో హడలిపోయానని, తర్వాత పొయ్యిలు వెలిగేకొద్దీ పొగ, మసక మెల్లగా తిరిగి వచ్చాయని చెప్పుకున్నాడు. ఊదా, గులాబీ, బంగారు రంగుల్లో మనం ఆరాధించే ఆ గాలి బొగ్గు పొగ కలిసిన గాలి. అది లేని పూట అతనికి పని సాగదనిపించింది.

2023లో వెలువడిన ఒక పరిశోధనలో ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులు ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్, మోనేలు వేసిన దాదాపు వంద చిత్రాలలో అంచుల పదును, వెలుగునీడల తేడా ఎంత ఉన్నాయో కొలిచి, ఆ కాలంలో ఆ ప్రాంతాలలో బొగ్గు వల్ల వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ అంచనాలతో పోల్చారు. కాలుష్యం పెరిగేకొద్దీ చిత్రాలలో మసక పెరిగిందని తేల్చారు. వయసుతో చూపు మందగించడం వల్ల అలా వేశారేమో అన్న అభ్యంతరం ఉంది గాని, మోనేకు శుక్లాలు ఉన్నట్టు వైద్యులు తేల్చింది 1912లో, అంటే లండన్ చిత్రాలు వేసిన చాలా ఏళ్ల తర్వాత. శైలి పాత్ర లేదని నేను అనడం లేదు. ఇంప్రెషనిజం (మోనే తరం వారి, మారే వెలుగును పట్టుకునే చిత్రశైలి) మొత్తాన్ని పొగ పుణ్యమని చెప్పడం అతి అవుతుంది. అయితే మసకను అంత మమకారంతో చూసే కన్ను ఏ గాలిలో తయారైందో ఆలోచించవలసిందే.

కాబట్టి రాతికుంచె గారూ, అందం మిమ్మల్ని మోసం చేసిందనుకోకండి. నీటి రంగును మెచ్చుకున్న ప్రేక్షకుడు అబద్ధం చూడలేదు. ఆ నీటికి ఆ రంగు ఎలా వచ్చిందో అతనికి తెలియదు, అంతే.

రాతికుంచె

పొగమంచు గారూ, ఆ చివరి మాట నన్ను ఆపేసింది. పాత క్వారీ గుంటల్లో నీటికి ఆ రంగు రావడానికి చాలాచోట్ల కారణం నీటిలో తేలియాడే అతి సన్నటి రాతి పొడి, దానికి తోడు నాచు. అంటే నేను కొబాల్ట్ టర్కాయిస్‌తో ఎంతో ఇష్టంగా వేసిన భాగంలో కొండే నీటిలో తేలుతోందన్నమాట. చిత్రశాల పహారా గారు అడిగినదానికి జవాబు: అవును, అవతలి ఒడ్డునే నిలబడి వేశాను. నీడ అక్కడే ఉంది.

నల్లసిరా

చర్చ ఐరోపా, అమెరికాల చుట్టూనే తిరుగుతున్నందున చైనా సంప్రదాయం గురించి కొంత చెప్పాలనిపించింది. 1072లో గువో షీ వేసిన ‘తొలి వసంతం’ పట్టుచిత్రంలో కొండలు ఆకాశమంత లేస్తాయి, మనుషులు వెతికితే గాని కనబడరు. దీన్ని చూపించి, తూర్పు దేశాలలో మనిషి ప్రకృతితో కలిసిమెలిసి ఉండేవాడని, చెడగొట్టినది పడమటివాళ్లేనని తేలికగా చెప్పేస్తుంటారు. నేను దానితో ఏకీభవించను.

ఆ కొండలను, ఆ దేవదారు (పైన్) చెట్లను గీసిన సిరా మసితో తయారయ్యేది. మేలైన మసి కోసం దేవదారు కట్టెనే కాల్చేవారు. గువో షీ కాలంలోనే జీవించిన షెన్ కువో అనే బహుశాస్త్ర పండితుడు 1088 ప్రాంతంలో రాసిన వ్యాసాలలో, ఫలానా ప్రాంతాల దేవదారు అడవులు అప్పటికే అయిపోయాయని, మరికొన్ని కొండలు సగానికి పైగా బోడి అయ్యాయని నమోదు చేశాడు. చెట్టుకు బదులుగా నేలలో ఊరే ‘రాతి నూనె’ను, అంటే నేటి పెట్రోలియాన్ని, మండించి ఆ మసితో సిరా చేసి చూశాడు. నల్లగా నిగనిగలాడుతూ దేవదారు సిరాను మించి వచ్చిందని, ముందుముందు దీని వాడకం లోకంలో బాగా పెరుగుతుందని రాశాడు. సిరా కోసమే అడవులు పోయాయని కాదు. ఇనుము కరిగించడానికి, ఇళ్లకు, వంటకు పోయినదే ఎక్కువ. అయినా చెట్టును పూజించే బొమ్మ, చెట్టును కాల్చగా వచ్చిన నలుపుతోనే పుట్టిందన్నది నాకు మామూలు సంగతిగా తోచదు.

వర్ణద్రవ్యం

నల్లసిరా గారి మాటకు కొనసాగింపుగా ఒక ఆకుపచ్చ కథ చెబుతాను, ఎందుకంటే రసాయనశాస్త్రం నా వృత్తి, చిత్రకళ నా సాయంత్రాల వ్యాపకం.

పందొమ్మిదో శతాబ్దంలో పచ్చిక మీద పడిన ఎండను, లేత చిగుళ్లను వేయడానికి చిత్రకారులు ఎంతో ఇష్టపడిన రంగు ఎమరాల్డ్ గ్రీన్. 1814 నుండి మార్కెట్లో దొరికేది. రాగి, ఆర్సెనిక్, అసెటేట్ కలిసిన సమ్మేళనం అది. దానికంటే ముందు, 1775లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే కనిపెట్టిన ఆకుపచ్చ కూడా ఆర్సెనిక్‌దే. ఇదే ఎమరాల్డ్ గ్రీన్‌ను ‘ప్యారిస్ గ్రీన్’ పేరుతో 1860ల నుండి అమెరికాలో బంగాళాదుంప పంటను తినే పెంకుపురుగుల మీద చల్లారు. ఒకే పొడి ఒక చోట కాన్వాస్ మీద పొలంగానూ మరో చోట పొలంలో పురుగుమందుగానూ పనిచేసింది. ఆరుబయట, ప్రకృతి ఒడిలో కూర్చుని రంగులు వేసిన తరంలో చాలామంది దాన్ని వాడారు.

ఆరుబయట కూర్చోగలగడానికి కూడా పరిశ్రమే కారణం. 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు తగరంతో చేసిన, నొక్కితే రంగు వచ్చే గొట్టానికి పేటెంట్ పొందాడు. అంతకుముందు నూనె రంగును పంది మూత్రాశయపు సంచిలో కట్టి మోసుకెళ్లేవారు. సూదితో పొడిచి రంగు తీశాక అది ఎండిపోయేది, లేదా పగిలిపోయేది. గొట్టం వచ్చాక, రైలు వచ్చాక, నగరంలోని చిత్రకారుడు పొద్దున బయల్దేరి పల్లెను చిత్రించి రాత్రికి ఇల్లు చేరగలిగాడు. కోల్ తిట్టుకున్న రైలే లేకపోతే తర్వాతి తరాలవారి ‘స్వచ్ఛమైన ప్రకృతి’ చిత్రాలు చాలావరకు ఉండేవి కావు.

ఇప్పటి కాలానికి వస్తే, ఒహాయోలో జాన్ సాబ్రా అనే చిత్రకారుడు ఒక ఇంజనీరుతో కలిసి పాడుబడిన బొగ్గు గనుల నుండి వాగుల్లోకి పారే ఆమ్ల జలం నుండి ఇనుప ఆక్సైడును వేరుచేసి రంగులు తయారు చేస్తున్నాడు. గనిలో బయటపడిన పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలితో, నీటితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, కరిగిన ఇనుముగా మారుతుంది. ఆ ఇనుమే వాగు అడుగున నారింజ రంగు బురదగా పేరుకుని చేపలకు, పురుగులకు చోటు లేకుండా చేస్తుంది. నీటిని తటస్థం చేసి, ఇనుమును అడుగుకు దింపి, ఎండబెట్టి నూరితే పసుపు, గోధుమ వన్నెలు వస్తాయి, ఇంకా కాలిస్తే ఎరుపు వస్తుంది. అతని బొమ్మలన్నీ నాకు నచ్చవు. రంగు వెనుక ఉన్న పని మాత్రం నచ్చింది.

గట్టు మీద

పై రెండు వ్యాఖ్యలు చదివాక నా అభ్యంతరాన్ని కాస్త మార్చి చెబుతాను. మనం ‘మనిషి’, ‘ప్రకృతి’ అని ఇద్దరే పాత్రధారులు ఉన్నట్టు మాట్లాడుతున్నాం. ఏ మనిషి?

అమెరికా చిత్రకారుడు థామస్ మోరన్ 1871లో ప్రభుత్వ సర్వే బృందంతో ఎల్లోస్టోన్ వెళ్లి వేసిన నీటిరంగు చిత్రాలు, అదే యాత్రలో విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఫోటోలు చూపి ఆ ప్రాంతాన్ని కాపాడాలని అమెరికా కాంగ్రెస్‌ను ఒప్పించారు. 1872 మార్చి 1న అది జాతీయ పార్కు అయింది. అదే ఏడాది మోరన్ వేసిన పెద్ద లోయ చిత్రాన్ని కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్నది. ప్రకృతి దృశ్య చిత్రం ఒక చట్టానికి తోడ్పడిందనడానికి దీనికి మించిన సాక్ష్యం దొరకదు, కాబట్టి బొమ్మకు శక్తి లేదని నేను అనను. కానీ ఆ చిత్రాలు ఆ నేలను ఎవరూ ఉండని చోటుగా ఊహించుకోవడానికి సాయపడ్డాయి. తరతరాలుగా అక్కడ వేటాడి, నడిచి, రాతి పనిముట్లు చేసుకున్న షొషోనీ, క్రో, బానక్ ప్రజలను తర్వాత పార్కుకు దూరం చేశారు. కాపాడిన బొమ్మే ఖాళీ కూడా చేసింది.

రాతికుంచె గారి కొండలోనూ అదే ప్రశ్న వేస్తాను. ఆ గాట్లు వేసినవాళ్లు ఎవరు? డ్రిల్లింగ్ యంత్రం వెనుక నిలబడి ఆ దుమ్ము పీల్చిన కూలీ ఈ బొమ్మలో దోషా, బాధితుడా? ఆ రాయి పలకలుగా మారి ఎవరి ఇంటి నేలలో పరచుకుంది? ‘మానవజాతి’ అన్న పెద్ద మాట వీళ్లందరినీ ఒకే ముద్దగా చేసేస్తుంది.

చిత్రశాల పహారా

గట్టు మీద గారితో చాలావరకు ఏకీభవిస్తూ ఒక్క ఉదాహరణ జోడిస్తాను. ఫ్రాన్సులో తియడోర్ రూసో అనే చిత్రకారుడు ఫాంటేన్‌బ్లో అడవి అంచున నివసిస్తూ ఆ చెట్లను మనుషుల చిత్తరువుల వలె, ఒక్కొక్కదానినీ గుర్తుపట్టేలా చిత్రించాడు. చెట్లు నరకడాన్ని చూపుతూ 1847లో వేసిన చిత్రానికి ‘అమాయకుల ఊచకోత’ అని పేరు పెట్టాడు. బైబిల్‌లో హేరోదు శిశువులను చంపించిన ఘట్టానికి వాడే పేరు అది. ఆ చిత్రంలో కూలీలు తాళ్లతో ఒక చెట్టును లాగుతుంటారు, వాళ్ల ముఖాలు కనిపించవు. 1852లో అతను మూడో నెపోలియన్‌కు విన్నపం పంపాడు. 1853లో అడవిలో కొంత భాగాన్ని నరకకుండా పక్కన పెట్టారు, 1861లో వెలువడిన ఉత్తర్వుతో దాదాపు 1,100 హెక్టార్లకు రక్షణ వచ్చింది. ఎల్లోస్టోన్ కంటే పదేళ్లు ముందు, అదీ కళ పేరు మీద.

కానీ అక్కడ కూడా కట్టెలు ఏరుకుని, పశువులను మేపుకుని బతికిన పల్లెవాసుల గొంతు ఆ విన్నపంలో ఎంతవరకు ఉందని అడగవచ్చు. చిత్రకారులకు కావలసినది ముసలి ఓక్ చెట్లు. అటవీ శాఖకు కావలసినది త్వరగా పెరిగే పైన్ చెట్లు. ఇద్దరూ అడవిని ప్రేమిస్తున్నామనే అనుకున్నారు.

నిర్వాహకులు

క్వారీ అనుమతుల మీద, రాజకీయ పక్షాల మీద వచ్చిన కొన్ని వ్యాఖ్యలను వేరే విభాగానికి తరలించాము. ఇక్కడ చిత్రకళ మీదే చర్చను కొనసాగించవలసిందిగా కోరుతున్నాము.

రాతికుంచె

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేయబోతున్నానో చెబుతాను, అభ్యంతరాలుంటే చెప్పండి.

అవతలి ఒడ్డును వదిలేస్తున్నాను. దిగంత రేఖను బాగా పైకి జరిపి, ఆకాశాన్ని ఒక సన్నటి పట్టీకి కుదిస్తాను. ప్రేక్షకుడి పాదాలు ఉండే చోట, కాన్వాస్ కింది మూడో వంతులో, కోసి వదిలేసిన ఒక రాతి పలకను నిజమైన కొలతలో వేస్తాను. దాని ఒక అంచున డ్రిల్లింగ్ గాట్ల సగం గొట్టాలు కనిపిస్తాయి, పైముఖం మాత్రం ఇంట్లో పరిచే బండలా నున్నగా ఉంటుంది. గట్టు మీద గారు అడిగిన ‘ఎవరి ఇంటి నేల’ అన్న ప్రశ్నకు నాకు తోచిన దారి ఇదే. చూసేవాడు ఆ పలక మీదే నిలబడి గుంటలోకి చూడాలి. కూలీని బొమ్మలో పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముఖం లేని కూలీని పెట్టడం నాకు ఇష్టం లేదు, ముఖం ఉన్న కూలీని పెడితే అది చిత్తరువు అయిపోతుంది. నీటి రంగును మాత్రం తగ్గించను.

వర్ణద్రవ్యం గారిని ఒక మాట అడగాలి. ఆ క్వారీలోని రాతి పొడినే అవిసె నూనెతో నూరి పలకకు రంగుగా వాడాలని ఉంది. కుదురుతుందా?

వర్ణద్రవ్యం

కుదురుతుంది గాని మీరు అనుకున్నట్టు కాదు. గ్రానైట్‌లో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. క్వార్ట్జ్ వక్రీభవన గుణకం (వెలుగు దానిలో ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.54 ప్రాంతంలో ఉంటుంది, అవిసె నూనెది 1.48 ప్రాంతంలో. రెండూ దగ్గర కాబట్టి నూనెలో కలిపిన వెంటనే ఆ పొడి దాదాపు పారదర్శకమైపోతుంది, కింది రంగును కప్పలేదు. పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపించిందని నమ్మవద్దు. కప్పే శక్తి కావాలంటే టైటానియం వైట్, కొద్దిగా ఐవరీ బ్లాక్ కలిపిన బూడిద రంగును ముందు వేసుకుని, దాని మీద రాతి పొడిని గరుకుదనం కోసం వాడండి. లేదా యాక్రిలిక్ గెస్సోలో (రంగుకు ముందు కాన్వాస్‌కు పూసే తెల్లటి పూతలో) కలిపి పలక ఉన్న చోట మాత్రమే నేలపూతగా వేయండి. గరుకు బాగా పట్టుకుంటుంది.

వాడే ముందు పొడిని మంచినీటిలో వేసి, పైకి తేరిన నీటిని వంచేస్తూ, తేట నీరు వచ్చేవరకు కడగాలి. లవణాలు మిగిలితే పూత మీద తర్వాత తెల్లగా పొటమరిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది: పొడిగా నూరవద్దు, జల్లెడ పట్టవద్దు. క్వార్ట్జ్ సన్నటి దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. గట్టు మీద గారు అడిగిన ఆ డ్రిల్లింగ్ కూలీకి వచ్చే జబ్బు అదే. ఎప్పుడూ తడిపి నూరండి, సరైన మాస్కు పెట్టుకోండి, బల్లను తడిగుడ్డతోనే తుడవండి. ముందు ఒక చిన్న బోర్డు మీద రెండు మూడు పాళ్లలో కలిపి పూసి, నూనె పూర్తిగా ఆరాక రాలుతోందేమో వేలితో రుద్ది చూసి, ఆ తర్వాతే కాన్వాస్ మీద వేయండి.